బొగ్గింజను రంగేమిటి?

బొగ్గింజను ఏ రంగులో వుంటుందని అడిగితే బళ్ళో వేసిన పిల్లాడు కూడా నలుపనే చెప్తాడు. పాతకాలం కారు? అదీ నలుపే. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానం? బూడిదరంగు. ఇంకెలా చెప్తాం? మనం వాటిని చూసింది ఫోటోల్లోనూ, పాత సినిమాల్లోనూ. ఆ లోకంలో వున్న రంగులు ఆ రెండే మరి!

నాలుగైదేళ్ళుగా నేను పాతకాలపు రైలింజన్లూ, విమానాలూ, కార్లూ రంగుపెన్సిళ్ళతో గీస్తున్నాను. "ముగ్గులో, నెమళ్ళో అయితే సరేగాని, నీకీ ఇనపసామానెందుకే?" అని మా పెద్దమ్మ అడగనే అడిగింది. మా వారు మాత్రం ఏమీ అనలేదు. పెన్సిలు చెక్కిన పొట్టు భోజనాలబల్ల మీద పడకుండా చూడమన్నారు, అంతే.

ఈ సరదాలో నాకు బాగా నచ్చిన చిక్కు ఒకటుంది. నా నవలలో నాయిక పెళ్ళిచూపులకి ఏ రంగు చీర కట్టుకోవాలో నా ఇష్టం. ఉల్లిపొరరంగు అంటే ఉల్లిపొరరంగే. కాదని నన్నెవరూ నిలదీయరు. కానీ 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారై, బెంగాలులో పరుగులు తీసిన 'ఫెయిరీ క్వీన్' ఇంజనుకి ఏ రంగు వెయ్యాలో నా ఇష్టం కాదు. అది నిజంగా వున్న వస్తువు. దానికో రంగు వుండేది. ఆ రంగుని రోజూ చూసిన జనం వుండేవారు. గీతలవరకూ పాత ఫోటోని నమ్ముకోవచ్చు. రంగు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. అప్పుడు పెన్సిలు పక్కన పెట్టి పుస్తకాలు తిరగెయ్యాలి, పెద్దవాళ్ళని అడగాలి.

ఫోటోని ఎందుకు నమ్మకూడదంటారా? మీ అమ్మమ్మగారి పెళ్ళిఫోటో వుంటే ఒకసారి తీసి చూడండి. మా అమ్మమ్మ ఫోటోలో మధుపర్కాల అంచు నల్లగా వుంటుంది. నుదుట కల్యాణతిలకమూ నలుపే. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే నల్ల అంచేమిటి? అంచు ఎర్రదే. ఫోటోగ్రాఫరు ప్లేటుకే ఎరుపు కనపడదు! మొదట్లో ఫోటో ప్లేట్లు నీలిరంగు వెలుతురుకి తప్ప దేనికీ పెద్దగా చలించేవి కావు. 1873లో వోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేటు మీది పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపి, పసుపునీ ఆకుపచ్చనీ కూడా కొంత పట్టేలా చేశాడు. అయినా ఎరుపు మాత్రం నల్లగానే పడేది. అన్ని రంగుల్నీ పట్టే ప్లేట్లు 1906లో అమ్మకానికొచ్చాయిగాని, పాతరకం వాడకం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

దీనివల్ల యంత్రాల చరిత్రలో తమాషాలు జరిగాయి. మొదటి యుద్ధంలో జర్మన్ వైమానికుడు రిఖ్తోఫెన్‌ని 'ఎర్ర బారన్' అనేవారు. ఆయన మూడురెక్కల విమానం కుంకుమరంగులో వుండేది. ఆకాశంలో అంతదూరం నుంచీ కనపడే రంగు అది. ఫోటోల్లో చూస్తే ముదురు మసిరంగు! 1918 ఏప్రిల్ 21న ఆయన కూలిపోయినప్పుడు సైనికులు ఆ విమానం గుడ్డని ముక్కలు ముక్కలుగా చింపి గుర్తుగా పట్టుకుపోయారు. ఆనాటి విమానం రెక్కలకి కప్పేది గుడ్డే కదా. ఆ పీలికలు కొన్ని మ్యూజియాలకి చేరాయి. ఫోటో చెప్పని మాట గుడ్డపీలిక చెప్పింది.

ఇంజన్ల సంగతి మరీ విచిత్రం. కర్మాగారంవాళ్ళు కొత్త ఇంజనుని పంపించేముందు ఫోటో తీయించేవారు. అసలు రంగూ మెరుపూ వుంటే వెలుగు కొట్టి వివరాలు కనపడవని, ఫోటో కోసం మెరుపులేని బూడిదరంగు పూసేవారు. పెళ్ళిచూపుల ఫోటోకి మొహానికి పౌడరు దట్టించినట్టన్నమాట. ఫోటో అయిపోయాక అసలు రంగు వేసి పంపేవారు. ఈ పౌడరు ఫోటోలే కంపెనీ దస్త్రాల్లో భద్రంగా మిగిలాయి, పుస్తకాల్లోకి ఎక్కాయి. చూసినవాళ్ళు ఇంజనంటే ఇదే కాబోలనుకున్నారు.

పోనీ కాగితాల్లో రాసిపెట్టిన మాటని నమ్ముదామా? అదీ ప్రమాదమే. లండన్ నుంచి బ్రైటన్ వెళ్ళే రైల్వేలో 1870 నుంచి స్ట్రౌడ్లీ అనే ఆయన ఇంజన్ల అధికారి. తన ఇంజన్లకి వేయించిన రంగుకి ఆయన పెట్టిన పేరు 'మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ'. ఆ పేరు చూసి ఆకుపచ్చ పెన్సిలు పట్టుకుంటే కొంప మునిగినట్టే. అది బాగా ముగ్గిన బంగినపల్లి తొక్క రంగు! ఆయనకి రంగులు సరిగా కనపడేవి కావని కొందరంటారు. నాకు నమ్మకం కుదరదు. ఏ అధికారికైనా కొత్తగా మార్చానంటే పైవాళ్ళు ఒప్పుకోరని, పాతదాన్నే మెరుగుపరిచానని చెప్పి పని కానిచ్చుకోవడం తెలియదా? ఇంట్లో కొత్త కర్టెన్లు కొనాలంటే మనం మాత్రం ఏం చేస్తున్నాం? ఆ రంగుతో వున్న 'బాక్స్‌హిల్' అనే చిట్టి ఇంజను యార్క్ నగరంలోని రైల్వే మ్యూజియం సొత్తు. దాన్ని వెయ్యడానికి నాకు మూడు పసుపులూ, ఒక కావిరంగూ అవసరమయ్యాయి.

అప్పట్లో ఒక్కో రైల్వే కంపెనీకి ఒక్కో రంగు. దూరంనుంచి వస్తుండగానే ఇది ఫలానావాళ్ళ బండి అని పిల్లలు చెప్పేసేవారు. 1923లో వచ్చిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్'ది లేత ఆపిల్‌కాయ పచ్చ. 1938 జూలై 3న గంటకి 126 మైళ్ళు పరుగెత్తి, ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ ఎవరూ దాటని రికార్డు పెట్టిన 'మల్లార్డ్'ది నిండైన నీలం. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. తుడవడానికి మనుషులు లేరు, రంగుకి డబ్బు లేదు. పచ్చదానికీ నీలందానికీ కూడా నలుపు పూసేశారు. యుద్ధమయ్యాకగాని వాటికి తిరిగి రంగు రాలేదు.

ఇక మన నల్లింజను దగ్గరకొద్దాం. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే, 1947లో, అమెరికా నుంచి డబ్ల్యూపీ అనే రకం ఇంజన్లు దిగాయి. ముందుభాగం తుపాకీగుండులా కోసుగా వుండి, దానిమీద వెండినక్షత్రం వుంటుంది. నా వయసువాళ్ళు చిన్నప్పుడు సెలవులకి వెళ్తూ చూసే వుంటారు. తర్వాత చిత్తరంజన్‌లో కూడా తయారుచేశారు. మొత్తం 755. ముందు నాలుగు చిన్నచక్రాలు, మధ్యన ఆరు పెద్దవి, వెనక రెండు. ఆ పెద్దచక్రం ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. నేను పక్కన నిలబడితే నా కొప్పుకన్నా ఎత్తన్నమాట.

మా మామగారు బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై, రిటైరయ్యారు. ఇప్పుడాయనకి ఎనభై అయిదు దాటాయి. చూపు బాగా మందగించింది. మనిషి ఆకారం తెలుస్తుందిగాని మొహం తెలియదు. నేను డబ్ల్యూపీ మొదలుపెట్టినప్పుడు ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"మామయ్యగారూ, ఇంజనంతా నలుపేనా?" అన్నాను.

"నలుపే. కానీ ఏ నలుపమ్మాయ్?" అన్నారాయన.

ఇంక చూడండి, ఒక గంటసేపు నలుపు గురించే చెప్పారు! బాయిలరుది నూనెగుడ్డతో తుడిచిన నలుపట. దాంట్లో ఆకాశం కనపడాలట. ముందున్న పొగపెట్టెది మాడిన మూకుడు నలుపు, ఎంత తుడిచినా మెరవదు. చక్రాల పక్కన బ్రేకుల దుమ్ము పడి ఇటికపొడి రంగు. చక్రాల్ని కలుపుతూ ఆడే కడ్డీలకి అసలు రంగే వెయ్యరు, ఉత్త ఉక్కు. ఆవిరి కారిన ప్రతి కీలు దగ్గరా సున్నపుచార. "ఆ చార వెయ్యకపోతే అది షెడ్డులో పనిచేసిన ఇంజను కాదు, బొమ్మ" అన్నారు.

ఫైర్‌మన్ ఉద్యోగమే రంగులు చూసే ఉద్యోగమని నాకా రోజే తెలిసింది. నిప్పులపెట్టె తలుపు తీసి చూస్తే మంట గుడ్డి ఎరుపులో వుంటే వేడి చాలదు. కళ్ళు మిరుమిట్లుగొలిపే తెల్లదనం వుంటే బాగా మండుతున్నట్టు. పొగగొట్టంలోంచి దట్టంగా నల్లపొగ వస్తే, రైలు భలే లాగుతోందని మనం మురిసిపోతాంగాని, బొగ్గు సరిగా కాలకుండా వృథాగా పోతోందని అర్థమట. పల్చటి బూడిదరంగు పొగే మంచి ఫైర్‌మన్ గుర్తు. ఒక్కసారిగా బొగ్గు కుమ్మరించకూడదు. కొద్దికొద్దిగా, మాటిమాటికీ వెయ్యాలి. పొయ్యి మీద వంట చేసిన మా అమ్మకి చెప్తే "ఆ మాత్రం మాకు తెలీదూ!" అంది.

ఆయన చెప్పిన నలుపుల్ని నలుపు పెన్సిలుతో వెయ్యలేం. ఈ రహస్యం రంగుపెన్సిళ్ళవాళ్ళందరికీ తెలుసు. నలుపు ఒక్కటే రుద్దితే కాగితానికి చిల్లు పడ్డట్టుంటుంది. ముందు ముదురునీలం పల్చగా, దానిమీద గోధుమరంగు, దానిమీద నేరేడుపండు రంగు, ఇలా పొరమీద పొర వేసుకుంటూ పోతే చివరికి నలుపు దానంతటదే వస్తుంది. బాయిలరు మీద వెలుగు పడే చోట కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి. రంగుపెన్సిల్లో తెల్లరంగు వుంటుందిగాని ముదురు మీద అది పని చెయ్యదు. వెలుగు ఎక్కడుండాలో మొదటిరోజే నిర్ణయించుకోవాలి. పైగా ముదురురంగు దట్టంగా పెట్టిన చోట కొన్నాళ్ళకి బూడిద కప్పినట్టు పొర వస్తుంది. పెన్సిల్లోని మైనం పైకి తేలుతుందన్నమాట. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. నేనలా తుడుస్తుంటే మామగారు, "అదే క్లీనరు పని, ముందు అందులోనే చేరతారు" అని నవ్వారు.

మన బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరిబళ్ళు 1995తో ఆగిపోయాయి. మామగారితో బిట్రగుంటలో పనిచేసినవాళ్ళలో మిగిలింది ఇప్పుడు ముగ్గురో నలుగురో. మ్యూజియాల్లో ఇంజన్లున్నాయి, నిజమే. వాటికి మీదినుంచి కిందిదాకా ఒకటే కొత్త పెయింటు కొట్టి నిలబెట్టారు. మాడిన మూకుడు నలుపేదో, ఆకాశం కనపడే నలుపేదో ఆ పెయింటు చెప్పదు. అందుకే ఆయన చెప్తుండగా పెన్సిళ్ళ నంబర్లతో సహా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు ఆయనకి బొమ్మ చూపించలేను. "ఇక్కడ నీలం వేశాను, ఇక్కడ కావి వేశాను" అని వేలు పట్టుకుని కాగితం మీద తిప్పుతాను. ఆయన తలూపుతారు.

ఈ చక్రాలూ కడ్డీలూ సరిగ్గా రావాలంటే ఇంజనీర్ల పటాలు చూడాలి. అచ్చయిన పాత పటాలు తిరగేస్తుంటే ఒక మూల చిన్న గడి కనపడుతుంది. గీసింది ఫలానా, ట్రేసు చేసింది ఫలానా, సరిచూసింది ఫలానా అని పొడి అక్షరాలు. ఆ రెండోవారి గురించి చదివాక నాకు ఆ గడి మీంచి చూపు మరల్చుకోవడం కష్టమైంది. ఎందుకంటే ఆ ట్రేసర్లు చాలాచోట్ల ఆడపిల్లలు.

బ్రిటన్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచీ ఓడల కర్మాగారాల్లో, ఇంజన్ల కర్మాగారాల్లో ఈ పనికి అమ్మాయిల్ని పెట్టుకునేవారు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన పటం మీద గంజి పెట్టిన పల్చటి బట్ట పరిచి, కింద కనపడే ప్రతి గీతనీ సిరాతో మళ్ళీ గియ్యాలి. నిలువెత్తు ఇంజను, వేలకొద్దీ గీతలు, చెయ్యి వణక్కూడదు. చెమటచుక్క పడితే గంజి కరిగి బట్ట పాడవుతుంది. ఆ బట్టమీంచే నీలం నకళ్ళు తీసి కర్మాగారంలోకి పంపేవారు. అంటే కమ్మరీ, చక్రాలు పోతపోసేవాడూ చూసి పనిచేసిన గీత ఆ అమ్మాయి గీసినది! పెళ్ళయితే ఉద్యోగం మానెయ్యాలని చాలాచోట్ల రూలు. పేరు మాత్రం రెండు పొడి అక్షరాలు. పనికిరాని పటాల్ని ఉతికితే గంజీ సిరా పోయి సన్నటి మంచి బట్ట మిగిలేదని, దానితో జేబురుమాళ్ళు కుట్టుకునేవారని చదివినప్పుడు మాత్రం, ఎక్కడున్నా ఆడవాళ్ళు ఆడవాళ్ళేననిపించింది.

ఆ నీలం నకళ్ళు రాకముందు పటాలకి కూడా రంగులుండేవి. పోతయినుముకి బూడిదరంగు, దుక్క ఇనుముకి నీలం, ఇత్తడికి పసుపు, రాగికి ఎరుపు, నీటిరంగులతో పల్చగా పూసేవారు. నీలం నకలు చౌకగా రావడంతో ఆ రంగులు పోయాయి.

రంగుపెన్సిలు వయసు కూడా ఈ యంత్రాల వయసే. మామూలు పెన్సిలు ముల్లుని బంకమట్టీ గ్రాఫైటూ కలిపి కాల్చే పద్ధతి ఫ్రాన్సులో కాంటే 1795లో కనిపెట్టాడు. రంగుముల్లుని అలా కాల్చకూడదు, వేడికి రంగు చచ్చిపోతుంది. రంగుపొడిని మట్టితో, జిగురుతో కలిపి, సేమియాలా ఒత్తి, ఆరబెట్టి, మైనమో నూనో పట్టించాలి. చిత్రకారులకి పనికొచ్చే, వెలిసిపోని అరవై రంగుల పెట్టెని జర్మనీలోని ఫేబర్ కంపెనీ 1908లో తెచ్చింది. స్విట్జర్లండులో కారన్ దాష్ అని ఒక పెన్సిళ్ళ కంపెనీ వుంది. ఆ పేరు రష్యన్ భాషలో పెన్సిలు అనే మాట. ఆ మాటకి మూలం చూస్తే తురుష్కభాషలో 'నల్లరాయి' అట. రంగులమ్మేవాడి పేరులో కూడా నలుపే చూడండి!

సరిగ్గా ఆ 1908లోనే అమెరికాలో ఫోర్డు తన మోడల్-టి కారు తెచ్చాడు. అది నలుపు ఒక్కటేనని అందరం వినే వున్నాం. నిజానికి మొదటి సంవత్సరాల్లో ఎర్రవీ, ఆకుపచ్చవీ, బూడిదవీ వుండేవి. 1914 నుంచి 1925 దాకా మాత్రమే నలుపు. ఆ నల్లవార్నీషు చౌక, గట్టిది, ఒకటే రంగయితే పని తొందరగా సాగుతుంది. 1923 ప్రాంతాల్లో డూకో అనే కొత్తరకం రంగు వచ్చి, వారాలకొద్దీ ఆరాల్సింది గంటల్లో ఆరిపోవడం మొదలయ్యాక కార్లన్నీ మళ్ళీ చీరల దుకాణంలా కళకళలాడాయి. ఫోర్డు కూడా దిగిరాక తప్పలేదు.

మన హైదరాబాదులో మాత్రం అంతకు ముందే ఒక పసుపుకారు దిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్‌రాయిస్ కంపెనీకి ఆర్డరిచ్చాడు. కారు చేతికందకముందే 1911లో ఆయన కాలంచేశాడు. అది కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా వుంటుంది. ఈ రకం కారు పేరు 'సిల్వర్ ఘోస్ట్', అంటే వెండి దెయ్యం. 1907లో వెండిరంగు వేసిన ఒకే ఒక్క కారుకి పెట్టిన ముద్దుపేరు ఆ రకం మొత్తానికీ స్థిరపడింది. అందుచేత మన వెండిదెయ్యం పసుప్పచ్చగా వుంటుంది! ఆసఫ్‌జాహీల జెండా కూడా పసుపే. చౌమహల్లా పాలెస్‌లో దాని ముందు నిలబడి నా పెట్టెలోని పసుపుల్ని ఒక్కొక్కటే కాగితం ముక్క మీద రుద్ది చూస్తుంటే, కాపలా అతను "నిమ్మకాయ పసుపు కాదమ్మా, ఇంకొంచెం ముద్దబంతి" అని సాయం చేశాడు.

నిజాంగారి రైల్వే కథ నా బొమ్మలకి మరీ బాగా కుదిరింది. వాడి-సికింద్రాబాదు లైను 1874లో వచ్చింది. 1930లో సర్కారు ఆ రైల్వేని కంపెనీ దగ్గర్నుంచి కొనేసింది. 1932లో ఆ రైల్వేవాళ్ళే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో బస్సులు మొదలుపెట్టారు. 1945లో టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టి, బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపారు. రైలూ, బస్సూ, విమానమూ అన్నీ ఒకే గొడుగు కింద! 1953లో ఆ విమానాలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి.

డకోటాకి చాలావరకు రంగు వెయ్యరు, ఉత్త అల్యూమినియం. పెట్టెలో వెండిరంగు పెన్సిలుందిగదా అని అది రుద్దితే సీసపురేకులా చచ్చుగా వస్తుంది. తళతళలాడే రేకుకి సొంతరంగు లేదు. పైభాగంలో ఆకాశం, పొట్ట కింద నేల. అందుకని పైన లేతనీలం, కింద బేగంపేట ఎర్రమట్టిరంగు, మధ్యన ఏమీ పెట్టకుండా తెల్లకాగితం. అంతే, విమానం ఎండలో నిలబడుతుంది.

ప్రస్తుతం నా బల్లమీదున్నది ఆ 1932 నాటి ఆల్బియన్ బస్సు. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో ఒక 'జెడ్' అక్షరం వుంటుంది, గమనించారా? నిజాంగారి తల్లి జహ్రాబేగం పేరులోని మొదటి అక్షరమని, ఆమె గుర్తుగా పెట్టారని చెప్పుకుంటారు. రెండు రాష్ట్రాలయ్యాక కూడా రెండుచోట్లా ఆ అక్షరం నడుస్తూనే వుంది. వేలిగోరంత నంబరు పలక మీద ఆ ఒక్క అక్షరం రాయడానికి నల్లపెన్సిలు మొన నాలుగుసార్లు చెక్కాను. పలక రంగు ఇంకా వెయ్యలేదు. ఆర్టీసీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధి చివర్లో వున్నారు. రేపు వెళ్ళి అడగాలి.